బొమ్మ విమానం బొమ్మ కాదు

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, పిల్లల నాటకం మన సంఘంలో ఏటేటా ఉండేవే. ఈ ఏడు కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మన పిల్లల్లో నలుగురైదుగురు ఇంజను పెట్టిన చిన్న విమానాలు ఎగరవేయడం నేర్చుకుంటున్నారు. వచ్చే ఉగాదికి మన మైదానంలోనే ప్రదర్శన ఇస్తామంటున్నారు. తల్లులు భయపడుతున్నారు. తండ్రుల్లో సగం మంది సరే అంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. మీరు విమానాల కర్మాగారంలో పనిచేసినవారు గదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నాలుగు మాటలతో తెమిలే పని కాదు గాని, అరగంటలో ముగిస్తానని మాట ఇచ్చాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పిల్లల్ని విమానాలు ఎగరవేయనివ్వండి. మన ఉగాది మైదానంలో మాత్రం ఎగరవేయనివ్వకండి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధం కావని చూపడమే నా ఉద్దేశం.

ఎగరవేయనివ్వమని ఎందుకంటున్నాను? లోకంలో బొమ్మ విమానం ముందు పుట్టింది, అసలు విమానం తరువాత పుట్టింది. 1871లో ప్యారిస్ నగరంలో ఆల్ఫాన్స్ పెనో అనే యువకుడు రబ్బరు పట్టీ మెలితిప్పి వదిలిన చిన్న విమానం పదకొండు సెకన్లపాటు ఎగిరింది. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే క్రైస్తవ మతాచార్యుడు ప్రయాణం నుండి ఇంటికి వస్తూ, రబ్బరు పట్టీ బలంతో పైకి లేచే బొమ్మనొకదాన్ని తన కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ కొడుకులే విల్బర్, ఆర్విల్ సోదరులు. 1896 మే 6న సామ్యుయెల్ లాంగ్లీ అనే శాస్త్రజ్ఞుడు ఆవిరి యంత్రం బిగించిన, మనిషి లేని విమానాన్ని పొటోమాక్ నది మీద వదిలితే, అది సుమారు కిలోమీటరు దూరం పోయింది. మనిషి ఎక్కిన రైట్ సోదరుల విమానం లేచింది 1903 డిసెంబరు 17న. అందుచేత పిల్లవాడు చిన్న విమానంతో పొద్దు పుచ్చుతుంటే, "చదువు మాని ఆటలా?" అని కసరకండి. రెక్క కొలిచి కోయడం, బరువు తూచడం, ఇంజను విప్పి కడిగి బిగించడం - ఇవన్నీ చేతికి వచ్చే చదువులు.

మనం స్థిరపడిన ఈ బెంగుళూరుకు విమానం కొత్తది కాదు. 1940లో ఇక్కడ హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ వెలసింది. దాని వలనా, దాని చుట్టూ పెరిగిన పరిశ్రమల వలనా బ్రతుకు తెరువు దొరికిన తెలుగు కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాల తయారీ శిక్షణలో భాగంగానే ఉన్నది. కనుక మన పిల్లలకు ఈ మోజు పుట్టడంలో వింత లేదు.

ఇక భయాల సంగతి. అమ్మలారా, మీ భయం న్యాయమైనదే. అయితే భయపడవలసినది దేనికో తెలిసి భయపడితే ఆ భయం మేలు చేస్తుంది. తెలియని భయం పిల్లవాడిని చాటుగా ఎగరవేసేటట్లు చేస్తుంది. అన్నిటికంటె ప్రమాదం అదే.

ఈ ఇంజన్లు ముఖ్యంగా మూడు తరహాలు. మొదటిది గ్లో ఇంజను. దీనికి మిథనాలు అనే ఆల్కహాలు, అందులో కలిపిన నూనె ఆహారం. బలం పెరగడానికి కొంచెం నైట్రోమీథేను కూడా కలుపుతారు. రెండవది చిన్న డీజిలు. పేరుకు డీజిలే గాని, ఇది తాగేది ఈథరు, కిరోసిను, ఆముదం కలిపిన మిశ్రమం. మూడవది పెట్రోలు ఇంజను. ఇది పెద్ద విమానాలకు వాడేది. మన పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా గ్లో ఇంజన్లే కనుక వాటి గురించే ఎక్కువ చెబుతాను.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు ఆముదాన్ని చిన్నచూపు చూశారు. కాని ఈ ఇంజన్ల దగ్గర అది నిజంగానే మహావృక్షం. మామూలు ఇంజను నూనె మిథనాలులో కలవదు, ఆముదం కలుస్తుంది. ఇంజను మితిమీరి వేడెక్కినప్పుడు కూడా ఆముదపు పొర లోహాన్ని వదలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గిర్రున తిరిగే రోటరీ ఇంజన్లకు కూడా ఆముదమే పోసేవారు. నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్ట చేలలో ఆముదం పండించిన కుటుంబాలవారు ఇక్కడ ఉంటే, ఈ మాట విని సంతోషించవచ్చు. అయితే ఒక హెచ్చరిక. ఇంట వండి తీసిన ఆముదంలో తేమ, మడ్డి ఉంటాయి. అది ఇంజనుకు పనికిరాదు, శుద్ధి చేసిన నూనే కావాలి. ఇంధనాన్ని ఇంట్లో కలిపే పని పిల్లలకు అసలే వద్దు. తయారైనది కొనడం మేలు.

ఆముదం మంచిదే, దాని పక్కనున్న మిథనాలు మాత్రం విషం. కల్తీ సారా తాగి చూపు పోయినవారి వార్తలు, ప్రాణాలే పోయినవారి వార్తలు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఆ దారుణాలకు సాధారణంగా కారణం ఈ మిథనాలే. కడుపులో పడితే శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటి నరాన్ని దెబ్బ తీస్తుంది. ఇందులో మోసం ఏమంటే, తాగినవెంటనే పెద్ద లక్షణాలు కనిపించకపోవచ్చు. పన్నెండు గంటలకో, ఇరవైనాలుగు గంటలకో చూపు మసకబారుతుంది. కనుక "బాగానే ఉన్నాడు గదా" అని ఆగకుండా, ఒక్క గుక్క మింగాడని అనుమానం కలిగినా తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంధనపు డబ్బాను కూడా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపాలి.

అమ్మినవారు ఈ ఇంధనానికి ఎర్రరంగో ఆకుపచ్చ రంగో కలుపుతారు. చూడడానికి అచ్చంగా షర్బతులాగే ఉంటుంది. అందుచేత తాగే నీళ్ళ సీసాలో, సోడా సీసాలో ఒక్క పూటకైనా పోసి ఉంచవద్దు. అసలు డబ్బాలోనే, మూత బిగించి, తాళం వేసిన చోట, వంటింటికీ దేవుడి దీపానికీ దూరంగా ఉంచండి. మూత బిగించడం ఇంజనుకూ మంచిదే, ఎందుకంటే మిథనాలు గాలిలోని తేమను పీల్చుకొని పాడవుతుంది. చర్మం గుండా కూడా ఇది లోపలికి పోతుంది గనుక చేతికి పడితే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే పావుగంటసేపు ధారగా నీళ్ళు పోసి డాక్టరు దగ్గరకు పోవాలి.

మిథనాలు నిప్పుకున్న గుణం మరొకటి కూడా తెలుసుకోవాలి. పట్టపగలు ఎండలో ఆ మంట దాదాపు కంటికి కనబడదు. పొగ రాదు, ఎర్రని జ్వాల లేదు. గాలి అలలు అలలుగా కదిలినట్లు కనబడి, రెక్క మీది కాగితం ముడుచుకుపోతుంటేనే తెలుస్తుంది. మంట లేదనుకొని చేయి పెట్టినవాడి చేయి కాలుతుంది. మిథనాలు నీళ్ళలో కలిసే పదార్థం కనుక, దాని మంటను ధారాళంగా నీళ్ళు పోసి ఆర్పవచ్చు. పెట్రోలు, ఈథరు అటువంటివి కావు. వాటి మీద నీళ్ళు పోస్తే మంట నీటిమీద తేలి పాకుతుంది. వాటికి పొడి చల్లే అగ్నిమాపక యంత్రమో, ఇసుకో కావాలి. కనుక ఏ ఇంజనైనా సరే, పొడి యంత్రం ఒకటి పక్కన ఉంటే వివాదం ఉండదు. ఈథరు ఆవిరి గాలికంటె బరువు. నేల మీద పాకిపోయి దూరంగా ఉన్న నిప్పును అందుకోగలదు. ఇంధనం పోసేటప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి ఉండాలి. పోసిన తరువాత డబ్బా మూత పెట్టి పది అడుగులు అవతల ఉంచాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఆ దరిదాపులకు రాకూడదు.

వేసవి సెలవులకు ఊరికి పోతూ తాతగారికి చూపిద్దామని, పిల్లలు విమానంతో బాటు ఇంధనపు సీసాను పెట్టెలో దాచవచ్చు. పెట్టె సర్దేటప్పుడు చూడండి. మండే ద్రవాలను రైలులో తీసుకుపోవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం మూడేండ్ల దాకా జైలు శిక్ష పడగల నేరం. అంతకుమించి, ఆ పెట్టెలోని కుటుంబాలన్నిటి ప్రాణాలతో చెలగాటం.

ఇప్పుడు ప్రొపెల్లరు. విమానం ముక్కున తిరిగే ఈ చిన్న పంకాయే గాయాలకు మొదటి కారణం. ఒక చిన్న లెక్క వేద్దాం. పది అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. దాని కొస గంటకు సుమారు 575 కిలోమీటర్ల వేగంతో పోతున్నదన్నమాట. సెకనుకు 200 చుట్లు, రెక్కలు రెండు గనుక ఒకే చోటును సెకనుకు 400 సార్లు దాటుతుంది. వేలు తగిలిందని తెలిసి మనం చేయి వెనక్కు లాగుకోవడానికి సెకనులో అయిదవ వంతు పడుతుంది. ఆలోగా ఎన్ని దెబ్బలు పడగలవో మీరే లెక్కించుకోండి. పైగా అంత వేగంతో తిరిగే రెక్క కంటికి కనబడదు. కనబడనిదాన్ని చేయి మరచిపోతుంది.

చేయి అక్కడికి ఎందుకు పోతుంది? దానికి ఇంజను స్వభావమే కారణం. గ్లో ప్లగ్గులో ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటుంది. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చాలి. ఇంజను అందుకున్న తరువాత, లోపలి వేడికి తోడు మిథనాలు ఆవిరి ప్లాటినాన్ని తాకడం వలన తీగ చల్లారకుండా ఉంటుంది. అప్పుడు బ్యాటరీ అక్కరలేదు. అంటే, ప్రొపెల్లరు తిరుగుతుండగానే బ్యాటరీ క్లిప్పు తీయాలి. ఇంధనం పాలు సరిచేసే నీడిల్ వాల్వునూ ఇంజను తిరుగుతుండగానే తిప్పాలి. కుర్రవాడు ఇంజను లేపేది ముందు నిలబడి. లేవగానే ఆ సంతోషంలో ముందునుంచే, తిరిగే రెక్క మీదుగా చేయి చాచుతాడు. ప్రమాదం జరిగేది అక్కడే. విమానాల మైదానంలో ఒక యువకుడు ఇట్లా చేయి చాచి రెండు వేళ్ళ ఎముకలు విరగ్గొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. తెలివి తక్కువవాడు కాదు, ఇంజనీరింగు చదువుతున్నవాడే.

కాబట్టి నియమం ఇది. ఇంజను లేచిన వెంటనే, మరేమీ ముట్టుకోకుండా, రెక్క కొసను దూరంగా చుట్టి తిరిగి విమానం వెనక్కు రావాలి. క్లిప్పు తీయడం, వాల్వు తిప్పడం వెనుకనుంచే జరగాలి. విమానాన్ని మరొకరు గట్టిగా పట్టుకోవాలి, లేదా నేలలో పాతిన మేకుకు కట్టాలి. ప్రొపెల్లరును వేలితో తిప్పవద్దు. రబ్బరు తొడిగిన కర్రతోనో, విద్యుత్ స్టార్టరుతోనో తిప్పాలి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ప్రొపెల్లరు తిరిగే వరుసలో, అంటే దానికి సరిగ్గా పక్కన, ఎవరూ నిలబడకూడదు. రెక్క విరిగితే ముక్క అటే దూసుకుపోతుంది. చీలిక కనబడిన ప్రొపెల్లరును జిగురు పెట్టి అతికించవద్దు, విరిచి పారవేయండి. లోహపు ప్రొపెల్లరు అసలే కూడదు. పైట కొంగు, కండువా, వ్రేలాడే పొడుగు చేతులు, మెడలో తాడు - ఇవేవీ ఇంజను దగ్గరకు రాకూడదు. ఇంజనును ఆపడానికి గుడ్డ విసరడం వంటి పనులు చేయవద్దు. థ్రాటిలు మూయాలి, లేదా వెనుకనుంచి ఇంధనపు గొట్టాన్ని నొక్కిపట్టాలి.

ఇంత చెప్పినా దెబ్బ తగిలితే? శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి పట్టి ఆసుపత్రికి పోవాలి. పసుపో, కాఫీ పొడో అద్దవద్దు. వేలు తెగిపడితే దాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుగడ్డల మీద ఉంచి తీసుకుపోవాలి. మంచు నేరుగా వేలికి తగలకూడదు.

నేల మీద సంగతి అయింది, ఆకాశం సంగతికి వస్తాను. చిన్న విమానాల్లో కొన్ని తీగ విమానాలు. నడిపేవాడు మధ్యలో నిలబడి రెండు ఉక్కు తీగలతో దాన్ని చుట్టూ తిప్పుతాడు. ఒక కిలో బరువున్న విమానం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో 18 మీటర్ల తీగ మీద తిరిగితే, అది చేతిని సుమారు మూడున్నర కిలోల బలంతో లాగుతుంది. కుదుపులు వస్తే ఇంకా ఎక్కువ. అందువలన విమానం బరువుకు పదింతల బలంతో తీగలను ముందుగా లాగి పరీక్షించడం అనుభవజ్ఞుల ఆచారం. పిడి చేయి జారినా విమానం పోకుండా మణికట్టుకు పటకా కట్టుకోవాలి. ఉక్కు తీగ విద్యుత్తును చక్కగా మోస్తుంది గనుక కరెంటు తీగలున్న చోట, ఉరుములు మెరుపులున్న వేళ దీన్ని ఎగరవేయడం మృత్యువును పిలవడమే. విమానం కరెంటు తీగలకు చిక్కుకుంటే దాని మీద ఆశ వదులుకోండి. కర్ర పుచ్చుకొని లాగవద్దు, విద్యుత్ శాఖవారికి కబురు చేయండి.

రేడియో విమానాలకు తీగ ఉండదు, అదే వాటి అందం, అదే వాటి ప్రమాదం. ఎగరవేసే ప్రతిసారీ ముందు బ్యాటరీలు చూడాలి. చుక్కాని కుడి అంటే కుడికే తిరుగుతున్నదా అని పరీక్షించాలి. దూరం నడిచిపోయి రేడియో అందుతున్నదా అని చూడాలి. రేడియో సంబంధం తెగితే ఇంజను తనంత తాను తగ్గిపోయే ఏర్పాటును సరిగా అమర్చాలి. బరువు కేంద్రం రెక్క వెడల్పులో ముందు అంచునుండి నాలుగోవంతు, మూడోవంతు మధ్య ఉండడం మామూలు శిక్షణ విమానాలకు క్షేమం. తోక బరువైతే విమానం ఎవరి మాటా వినదు.

మన ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటి. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి గాలి తీరప్రాంతపు గాలికంటె నూటికి ఎనిమిది పాళ్ళు పలుచన. ఇక్కడి గాలికి సరిచేసిన నీడిల్ వాల్వుతో నెల్లూరులోనో, బందరులోనో ఇంజను నడిపితే, అక్కడి చిక్కని గాలికి ఇంధనం చాలక ఇంజను వేడెక్కి ఆకాశంలో ఆగిపోవచ్చు. ఊరు మారినప్పుడల్లా వాల్వును కాస్త ఎక్కువ తెరచి మొదలుపెట్టి, నేల మీదే మళ్ళీ సరిచూసుకోవాలి.

చివరకు మన ఉగాది మైదానం. రెండున్నర కిలోల విమానం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, అదే బరువును సుమారు 39 మీటర్ల ఎత్తునుండి, అంటే పన్నెండు పదమూడంతస్తుల మేడ మీదనుండి నెత్తిన వేసినంత దెబ్బ. మన మైదానంలో ఒక పక్క షామియానా, ఒక పక్క భోజనాల వరుస, పైన కరెంటు తీగలు, మధ్యన పరుగెత్తే పసిపిల్లలు. ఇంజను ఆగిన విమానానికి దిగే చోటు ఎక్కడిది? ఎగరవేయడంలో ఆరితేరినవాడైనా ఆగిపోయిన ఇంజనును ఆకాశంలో మళ్ళీ లేపలేడు.

చట్టం కూడా ఉన్నది. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నిబంధనలు రేడియో విమానాలకు కూడా వర్తిస్తాయి. 25 కిలోలకు మించకుండా, చదువు, వినోదం వంటి పనులకు మాత్రమే, కంటిచూపు మేరలోనే నడిపేవాటిని అవి నమూనా విమానాలుగా గుర్తించాయి. ఆ నిబంధనలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు ఎగరవేయవచ్చు. విమానాశ్రయపు సరిహద్దుకు 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. పసుపు, ఎరుపు మండలాల్లో అనుమతి లేనిదే కూడదు. హెచ్.ఎ.ఎల్., జక్కూరు, యలహంక, దేవనహళ్ళి - ఇన్ని విమాన క్షేత్రాలున్న నగరంలో ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటం చూడకుండా ఎవరూ గాలిలోకి ఏదీ వదలకూడదు.

కనుక నా సూచన ఇది. వచ్చే ఉగాదికి పిల్లల విమానాలను మన హాలులో బల్లల మీద పెట్టిద్దాం. ఇంధనపు తొట్టి ఖాళీ చేసి, ప్రొపెల్లరు ఊడదీసి పెట్టాలి. ఏ భాగం ఏమి చేస్తుందో పిల్లలే తెలుగులో వివరించాలి. ఎగరవేయడానికి మరొక ఆదివారం, అనుమతి ఉన్న బయలు ప్రదేశంలో, అనుభవం గలవారి సమక్షంలో ఏర్పాటు చేద్దాం. ప్రేక్షకులంతా ఎగరవేసేవారి వెనుక, ఒక గీతకు ఇవతల ఉండాలి. విమానం ఆ గీత దాటి రాకూడదు. ఒక్కొక్క పిల్లవాడికి ఒక పెద్ద తోడు ఉండాలి.

తోడు వచ్చే పెద్దకు ఇంజను విద్య తెలియనక్కరలేదు. అయిదు ప్రశ్నలు అడిగితే చాలు. కళ్ళద్దాలు పెట్టుకున్నావా? ఇంధనపు డబ్బా ఎక్కడున్నది? ప్రొపెల్లరులో చీలిక లేదు గదా? రేడియో, చుక్కాని సరిచూశావా? ఇంజను ఇప్పుడు ఆగిపోతే ఎక్కడ దింపుతావు? అయిదింటికీ తడుముకోకుండా జవాబు వస్తే ఎగరవేయనివ్వండి. ఒక్కదానికి రాకపోయినా ఆ పూటకు పెట్టెలో పెట్టించండి. పిల్లవాడు మూతి ముడుచుకుంటాడు, ఫరవాలేదు. వచ్చే ఆదివారానికి జవాబు నేర్చుకొని వస్తాడు.

అరగంట అయినట్లున్నది.